సాతుకా చెప్పిందట

కొచాపాత బడి
మే 2, 1994

పిన్నీ,

చేరి నెల దాటినా ఉత్తరం రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టు, ఇక్కడికి వినపడదు. ట్రక్కు రోడ్డు దాకానే వస్తుంది. అక్కణ్ణించి మూడు గంటలు నడక. నా పెట్టె మోయడానికి ఊరివాళ్ళు బరువులు మోసే లామా జంతువు నొకదాన్ని పంపారు. అది పెట్టెకేసీ నాకేసీ చూసిన చూపు అచ్చం మన పెద్దత్తయ్య చూపే.

గది ఇచ్చారు, నాలుగు దుప్పట్లు ఇచ్చారు. చలి ఆ నాలుగింటినీ లెక్కచెయ్యదు. తిండికి లోటు లేదు. మంచులో పెట్టి ఎండబెట్టిన బంగాళాదుంపల చారు పొద్దున, అదే చారు మధ్యాహ్నం.

నా కష్టం పిల్లలతో. ఇరవైమూడు మంది, మూడు తరగతులకీ ఒకటే గది. వీళ్ళు నోరు విప్పరు పిన్నీ. ప్రశ్న అడుగుతానా, ఇరవైరెండు తలలు కిందికి దిగిపోతాయి. ఇరవైమూడోది ఊరి పెద్ద లియోనిదాస్ గారమ్మాయి నేలీ. అది నేను ప్రశ్న పూర్తిచేసేలోపే లేచి నిలబడుతుంది. రోజంతా నేనూ నేలీ మాట్లాడుకుంటాం, తక్కినవాళ్ళు మా ఇద్దరి ముచ్చట్లకి సాక్షుల్లా కూర్చుంటారు.

సాతుకా అని ఒక పిల్ల ఉంది, అసలు పేరు సాతుర్నినా. పదేళ్ళు. పైన మేత భూముల్లోంచి రెండు గంటలు దిగి వస్తుంది. దాని గొంతు నేనింతవరకు వినలేదు. హాజరు పిలిస్తే కనుబొమలు ఎగరేస్తుంది, అంతే. మూగదా అని నేలీని అడిగితే, "కాదు టీచర్, గొర్రెలతో బాగానే మాట్లాడుతుందట" అంది. గొర్రెలకున్న అదృష్టం నాకు లేదు.

జులైలో పర్యవేక్షకుడు వస్తాడు. ఆయన మంచి రిపోర్టు రాస్తేనే నా ఉద్యోగం పర్మనెంటు. నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినదానివి, ఏదైనా దారి చెప్పు.

నీ గ్లాదిస్


అబాంకాయ్
మే 15

ఒసేయ్ గ్లాదిసూ,

నెలకి ఒక ఉత్తరం, అదీ పని పడితే. మీ అమ్మ కూతురివే.

సరే విను. ప్రశ్న అడిగి నువ్వు నోరు మూసుకో. మనసులో ఇరవై లెక్కపెట్టు. నీకది కష్టమని తెలుసు, అయినా లెక్కపెట్టు. వాళ్ళని ఆలోచించుకోనీ. తర్వాత ఇద్దరిద్దరినీ ఎదురెదురుగా తిప్పి, ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోమను. ఏ భాషలో చెప్పుకుంటే నీకేం, చెప్పుకోనీ. ఆ తర్వాత ఒకళ్ళని లేపు. లేచినవాళ్ళు తమ మాట చెప్పకూడదు, ఎదుటివాళ్ళు చెప్పింది చెప్పాలి. కిటుకంతా అక్కడే ఉంది. మన మాట మనం చెప్పాలంటే సిగ్గు ముంచుకొస్తుంది. పక్కవాళ్ళ మాట చెప్పమంటే ఎక్కడలేని హుషారూ వస్తుంది. మన వీధిలో ఆడవాళ్ళని చూడు, ఎవరు నేర్పారు?

ఆ నేలీ పక్కన సాతుకాను కూర్చోబెట్టు. వాగేదానికి వినడం అలవాటవుతుంది, మాట్లాడనిదానికి ఒక నోరు దొరుకుతుంది.

నా మోకాళ్ళు బాగాలేవు. వంటింట్లో కూరకని పెంచే గినీపందులు ఏడు పిల్లల్ని పెట్టాయి. నువ్వొస్తే ఒకటి కోస్తాను.

మీ పిన్ని హెర్మిలియా


కొచాపాత
జూన్ 20

పిన్నీ,

నీ చెయ్యి ఇలా ఇవ్వు, ముద్దు పెట్టుకుంటాను.

మొదటి వారం ఇద్దరిద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకళ్ళ బూట్లు ఒకళ్ళు చూసుకున్నారు. రెండోవారం గుసగుసలు. ఇప్పుడు బడి సంతలా ఉంది! "నీ జోడీ ఏం చెప్పింది?" అంటే చేతులు లేస్తాయి, ఇరవైమూడు మందివీ. మొన్న గోడవతల దున్నుకుంటున్న ముసలాయన, ఎవరో కొట్టుకుంటున్నారేమోనని పరిగెత్తుకొచ్చాడు.

సాతుకా నేలీ చెవిలో చెబుతుంది. ఒక చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళు నా మీదే ఉంచి చెబుతుంది. మొట్టమొదటిసారి నేలీ లేచి ఏమందో తెలుసా? "సాతుకా వాళ్ళ మందలో నల్ల అల్పాకాకి ఎడమకన్ను కనపడదట. అందుకని సాతుకా ఎప్పుడూ దాని ఎడమపక్కే నడుస్తుందట." రెండు నెలలు ఈ పిల్లని మొద్దు అనుకున్నాను పిన్నీ.

ఒక్కటే చిక్కు, ఈ "ట". స్పానిష్ మాట్లాడేటప్పుడు కూడా ప్రతి మాటకీ తోకలా తగిలిస్తారు. వానొచ్చిందట, ఆవు తప్పిపోయిందట, రెండూ మూడూ అయిదట. లెక్క కూడా ఎవరో చెబితే విన్నట్టే! పర్యవేక్షకుడు ఉగార్తె గారికి ఈ "ట" చెవిన పడితే కొండభాష అని రాసేస్తాడట, పక్క ఊరి టీచరు చెప్పింది. అందుకని ఒక ఆట పెట్టాను. ఎవరి నోట "ట" వస్తే వాళ్ళు జేబులోంచి ఒక వేపిన మొక్కజొన్న గింజ నా డబ్బాలో వెయ్యాలి. మొదట్లో సాయంత్రానికి డబ్బా నిండేది. ఇప్పుడు అడుగు కనపడుతోంది. నేలీ అయితే "ట" పూర్తిగా మానేసింది.

నీ గ్లాదిస్


అబాంకాయ్
జులై 3

తల్లీ,

నీ ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించాను. ఏడ్చింది. అది దేనికైనా ఏడుస్తుందనుకో.

"ట" సంగతి మంచి పని చేశావు. నేనూ ఊరుకునేదాన్ని కాదు. పట్నంలో నలుగురిలో నిలబడాల్సిన పిల్లలు, ఆ తోకతో వెళితే నవ్వులపాలవుతారు. ఉగార్తె వచ్చిన రోజు పసుప్పచ్చ స్వెట్టరు వేసుకో, అది నీకు నప్పుతుంది. ఏం రాశాడో వెంటనే రాయి.

పిన్ని


కొచాపాత
ఆగస్టు 8

పిన్నీ,

రిపోర్టులో "ఆదర్శప్రాయం" అని రాశాడు. నా చేతికిచ్చి చదువుకోమన్నాడు కూడా. అన్ని బళ్ళలోనూ ఈ జోడీ పద్ధతి పెట్టిస్తాడట. పసుప్పచ్చ స్వెట్టరే వేసుకున్నాను.

ఇక్కడ కొంచెం చికాకుగా ఉంది. బడి వంటగది కప్పుకి పన్నెండు రేకులు రావాలి. ట్రక్కువాడు మే నెలలోనే రోడ్డు పక్కన దింపి వెళ్ళానన్నాడు. మనవాళ్ళు వెళ్ళేసరికి లేవు. ఆ రోజు ఆ దారిన లామాలతో వెళ్ళింది సాతుకా వాళ్ళ నాన్న యూసేబియో అని ఊళ్ళో గుసగుసలు. పర్యవేక్షకుడు వచ్చిన రోజు సాతుకా చెప్పిన మాట నేలీ తరగతిలో చెప్పింది. ఊరి సభ పెట్టారు. యూసేబియో నేనెరగనన్నాడు. వాళ్ళు నమ్మలేదు. శిక్ష వేశారు. సాతుకా బడికి రావడం లేదు. సెలవులయ్యాక వస్తుందిలే అనుకున్నాను, ఇంకా రాలేదు.

వెయ్యి కళ్ళతో ఎదురుచూస్తున్నాను, ఆ పిల్ల వస్తే బాగుండు.

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? అమ్మకి రిపోర్టు సంగతి చెప్పు.

గ్లాదిస్


అబాంకాయ్
ఆగస్టు 19

గ్లాదిస్,

రిపోర్టులో ఉన్న మాట రాశావు, ఆ పిల్ల చెప్పిన మాటేమిటో రాయకుండా దాటేశావు. నీ చిన్నప్పుడు పింగాణీ గిన్నె పగలగొట్టి "పిన్నీ, వంటగది ఊడ్చేశాను" అని చెప్పినప్పటి గొంతే ఇది. నాకు తెలీదా?

ఆ పిల్ల నేలీ చెవిలో ఏమంది? నేలీ లేచి ఏమంది? మాటకి మాట రాయి. చివరి అక్షరం దాకా రాయి.

పిన్ని


కొచాపాత
సెప్టెంబరు 4

పిన్నీ,

రాస్తాను. నాలుగు కాగితాలు చింపేశాను ఇప్పటికే.

ఆ రోజు నల్లబల్ల మీద రాసిన ప్రశ్న, "ఈ వారం మీ ఇంట్లో ఏం జరిగింది?" ఉగార్తె గారు నా కుర్చీలో కూర్చున్నారు. వెనక బల్ల మీద లియోనిదాస్ గారూ, ఊరి కమిటీవాళ్ళూ. సాతుకా నేలీ చెవిలో చెప్పింది. వాళ్ళు ముందు వరస, నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. వినపడింది నాకు. వాళ్ళ భాషలోనే చెప్పింది. "రేకులు మా నాన్న తీసుకెళ్ళాడట. అమ్మ ఏడ్చింది" అంది.

ఊళ్ళోవాళ్ళు అలా అనుకుంటున్నారని, అందుకు వాళ్ళమ్మ ఏడ్చిందని ఆ పిల్ల చెప్పుకుంది. అంతే.

నేలీ లేచి, చేతులు కట్టుకుని, నేను నేర్పిన శుభ్రమైన స్పానిష్‌లో చెప్పింది: "సాతుకా వాళ్ళ నాన్న రేకులు తీసుకెళ్ళాడు. వాళ్ళమ్మ ఏడ్చింది."

ఉగార్తె గారు "భేష్, ఎంత స్వచ్ఛమైన వాక్యం" అన్నారు. వెనక బల్ల మీద కమిటీవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. యూసేబియో సొంత కూతురే కళ్ళారా చూసి చెప్పిందంటే ఇంక సాక్ష్యం ఏం కావాలి? ఇక్కడ "ట" లేకుండా ఒక మాట అన్నారంటే దానికి పూచీ పడ్డట్టే కదా. సాతుకా లేచి నిలబడింది. నోరు తెరిచింది పిన్నీ. తెరిచి నాకేసి చూసింది. నేనేమన్నానో తెలుసా? "బాగా చెప్పారు, కూర్చో" అన్నాను. రిపోర్టు ఇంకా రాయలేదు ఆయన.

శిక్ష సంగతి కూడా నీకు దాచాను. పాత రేకు ఒకటి యూసేబియో వీపుకి తాళ్ళతో కట్టి మైదానం చుట్టూ మూడుసార్లు తిప్పారు. అడుగు వేసినప్పుడల్లా ఆ రేకు చప్పుడు చేసింది. సాతుకా ఆయన టోపీ పట్టుకుని గోడ దగ్గర నిలబడింది. నేను బడి గుమ్మంలోంచి చూశాను. దాటి రాలేదు.

వారం తర్వాత ఆయన ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. కిందికి, అడవిలో ఇసుక కడిగి బంగారం తీసే చోటికి అంటున్నారు. ఇప్పుడు చెబితే నా ఉద్యోగం పోతుందేమోనని భయం. చెప్పకపోతే నిద్ర లేదు. ఏం చెయ్యను?

గ్లాదిస్


అబాంకాయ్
సెప్టెంబరు 13

గ్లాదిస్,

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. చేత కావడం లేదు. ఎందుకో చెబుతాను.

నేనూ మీ అమ్మా పుట్టింది కూడా అలాంటి కొండమీదే. పట్నం వచ్చాక ఆ భాష రాకుండా నోటికి తాళం వేశాను. మీ అమ్మని కూడా మీకు చెప్పనివ్వలేదు. నలభై ఏళ్ళు నేను "ట" అన్న ప్రతి పిల్ల వేళ్ళమీదా స్కేలుతో కొట్టాను. నీది గింజల ఆట, నాది దెబ్బల ఆట, తేడా అంతే. "మంచి పని చేశావు" అని నీకు రాసింది నేనే కదా.

ఆ పిల్లలు చూసినదాన్ని చూశామనీ, విన్నదాన్ని విన్నామనీ వేరు చేసి చెబుతారు. మనం చదువుకున్నవాళ్ళం, ఆ తేడా చెరిపేసి దానికి మార్కులు వేశాం.

ఏం చెయ్యనని అడిగావు. అడగాల్సిన పనేముంది? సభ పెట్టమను. నిలబడి చెప్పు. వాళ్ళ భాషలో చెప్పు, తప్పులొస్తే రానీ. ఉద్యోగం పోతే నా గినీపందులకి గడ్డి కోద్దువుగాని.

ఆలస్యం చెయ్యకు.

పిన్ని


కొచాపాత
అక్టోబరు 10

పిన్నీ,

చెప్పాను. సభలో ఆడవాళ్ళు నేల మీద కూర్చుంటారు, నన్నూ అక్కడే కూర్చోమన్నారు. నా వంతు వచ్చాక లేచి నాకొచ్చిన ముక్కలతో చెప్పాను. "ఆ పిల్ల ట అంది. నా చెవులతో నేను విన్నాను. నేలీ ట తీసేసింది. తియ్యమని నేర్పింది నేను. ఆ రోజే చెప్పాల్సింది, చెప్పలేదు."

ఎవరో ఒకావిడ, "టీచరమ్మా, మా నోళ్ళలోంచి గింజలేరి డబ్బాలో దాచుకున్నావు, ఇప్పుడు తిరిగి పంచుతున్నావా?" అంది. కొందరు నవ్వారు. నవ్వనీ. లియోనిదాస్ గారు మాత్రం నవ్వలేదు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నా కూతురి నోటిమాట పట్టుకుని నేను వాడికి రేకు కట్టాను" అన్నాడు.

వారం కాలేదు, రేకులు దొరికాయి. ట్రక్కువాడు కొచాపాత అనుకుని లోయలో కొచాపంపలో దింపి వెళ్ళాడు. వాళ్ళు దేవుడిచ్చాడనుకుని కోళ్ళగూటికి వేసుకున్నారు. అసలు దొంగతనమే జరగలేదు పిన్నీ.

లియోనిదాస్ గారు యూసేబియోని వెతకడానికి తనే బయల్దేరాడు. ఎవరినీ పంపనన్నాడు. కాళ్ళు పట్టుకుని తీసుకొస్తానన్నాడు.

నేను మేత భూములకి వెళ్ళాను. సాతుకా వాళ్ళమ్మ ఉడికించిన దుంపలు పెట్టింది. ఆవిడ పెట్టకపోతేనే బాగుండేది. "ఆయన వస్తాడు, బిడ్డ బడికొస్తుంది" అంది. సాతుకా గొర్రెల మధ్య కూర్చుని నాకేసి చూసింది. దాని పక్కన కూర్చుని క్షమించమన్నాను. తను ఎడమకన్ను కనపడని అల్పాకాను నిమురుతూ ఉంది. గొర్రెలతో కూడా మాట్లాడటం లేదట ఈ మధ్య, వాళ్ళమ్మ చెప్పింది.

బడిలో జోడీలు ఆపేశాను. నేలీ ఒక్కతే కూర్చుంటోంది. నేనడిగినా లేవడం లేదు.

ఉగార్తె గారికి కూడా రాసి పంపాను, ఉన్నది ఉన్నట్టు.

గ్లాదిస్


అబాంకాయ్
అక్టోబరు 21

తల్లీ,

నిన్న మార్కెట్లో దుంపలమ్మే ఒకామెతో మన భాషలో బేరమాడాను. నలభై ఏళ్ళ తర్వాత. నవ్వింది, నా యాస పాడైపోయిందట.

నేలీని తిట్టకు. అది నువ్వు చెప్పినట్టే చేసింది. దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని ఆ మాట చెప్పు.

యూసేబియో కబురు తెలియగానే రాయి. రోజూ అనుకుంటున్నాను.

పిన్ని


కొచాపాత
డిసెంబరు 13

పిన్నీ,

ఆలస్యమైంది, చెయ్యి రాలేదు.

లియోనిదాస్ గారు నవంబరు చివర తిరిగొచ్చాడు. యూసేబియోని తీసుకునే వచ్చాడు, దుప్పట్లో చుట్టి. బంగారం కడిగే గుంట గట్టు కూలిందట. రేకుల సంగతి తేలిందని ఆయనకి తెలియనే తెలియదు. లియోనిదాస్ గారు వెళ్ళేసరికే రెండు రోజులైంది. రోడ్డు దగ్గర్నుంచి పైదాకా శవాన్ని ఆయనే ఎవరికీ ఇవ్వకుండా మోశాడంటున్నారు. ఊరు ఊరంతా పైకి వెళ్ళింది. నేను వెళ్ళలేదు పిన్నీ. గుమ్మం దాకా వచ్చి చెప్పులు విప్పేసుకున్నాను. ఆ తల్లి మళ్ళీ దుంపలు పెడుతుందని భయం వేసింది.

నిన్న బడికి ఆఖరి వారం మొదలైంది. పొద్దున తలుపు తీసేసరికి సాతుకా అరుగు మీద కూర్చుని ఉంది. నల్ల శాలువా కప్పుకుంది. వాళ్ళమ్మ పంపిందో, తనే వచ్చిందో నేనడగలేదు. లోపలికొచ్చింది. నేలీ బల్ల మీద జరిగి చోటిచ్చింది. సాతుకా ఆ చోటు చూసింది, కూర్చోలేదు. తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

నేనేమీ అడగలేదు. ప్రశ్న లేదు, ఏమీ లేదు. అదే నా మెడ పట్టుకుని వంచింది. ఒక చెయ్యి అడ్డం పెట్టి నా చెవిలో చెప్పింది. ఏప్రిల్ నుంచి ఆ గొంతు నాతో మాట్లాడాలనుకున్నాను, మాట్లాడింది ఆ ఒక్క మాట. చెప్పి పక్కకి జరిగి, నేను చెప్పడం కోసం నిలబడింది. జోడీ చెప్పింది లేచి పైకి చెప్పాలి కదా. నేను పెట్టిన పద్ధతే.

లేచాను. ఇరవైరెండు మంది నాకేసి చూస్తున్నారు. వాళ్ళ భాషలోనే చెప్పాను, ఎలా చెప్పాలో అలాగే, జాగ్రత్తగా. "సాతుకా వాళ్ళ నాన్న చనిపోయాడట" అన్నాను. నేను చూడలేదు కదా పిన్నీ. వెళ్ళలేదు కదా.

సాతుకా నా చెయ్యి పట్టుకుని లాగింది. తరగతంతా వినేలా, గట్టిగా అంది.

"ట కాదు. చనిపోయాడు. నేను చూశాను."

నేలీ మొహం బల్ల మీద పెట్టేసుకుంది. సాతుకా ఇంకా నా చెయ్యి వదల్లేదు. నేను మళ్ళీ చెప్పేదాకా వదలదని అర్థమైంది.

మళ్ళీ చెప్పాను, ఈసారి ట లేకుండా.

గ్లాదిస్